నాయన అడిగిన షోర్వా

మా నాయన కట్టయ్య ఏడాదికి నాలుగైదు సార్లే వంట చేసేవాడు, అదీ చలికాలంలోనే. వరంగల్ మార్కెట్‌లో హమాలీ పని ఆయనది. చలి ముదిరిందంటే ఆదివారం పొద్దున్నే మేక కాళ్లు తెచ్చి షోర్వా కాచేవాడు. ఆ పూట మా అమ్మ యాకమ్మకు సెలవు. కాళ్లను తనే మంట మీద కాల్చి, కత్తితో గీకి, పసుపు రాసి కడిగేవాడు. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద కుండ ఎక్కిస్తే మధ్యాహ్నం దాకా సన్నసెగ మీద ఉడకాల్సిందే. రెండు ఉల్లిగడ్డలను పొట్టుతో సహా నిప్పుల్లో కాల్చి, దంచి వేసేవాడు. మిరియాల పొడి మాత్రం దించే ముందే. కుక్కర్‌లో పెట్టరాదా అంటే, కుక్కర్‌లో బొక్క ఉడుకుతుంది గాని సారం దిగదని వాదించేవాడు. జలుబు చేసినా, కాలు బెణికినా, ఉత్తినే మనసు బాగా లేకున్నా మా ఇంట్లో మందు అదొక్కటే.

దీపావళి దాటిన వారానికి పత్తి బస్తా ఎత్తబోయి నాయన కూలబడ్డాడు. తుంటి ఎముక విరిగింది. కేసముద్రంలో మా అత్తగారింటి నుంచి నేను ఉన్నపళంగా దవాఖానకు వెళ్లాను. డాక్టరు నన్నూ తమ్ముడు భాస్కర్‌నూ పక్కకు పిలిచి, ఎముక దెబ్బకు విరగలేదు, లోపల జబ్బు తినేసింది, అది ఒళ్లంతా పాకింది, రెండు నెలలు బతికితే ఎక్కువ అని చెప్పాడు. నాయనతో మాత్రం బొక్క అతుకుతుందని అబద్ధం చెప్పి ఇంటికి తెచ్చుకున్నాం.

మంచం మీద పడుకోబెట్టగానే ఆయన అడిగిన మొదటి మాట కాళ్ల షోర్వా. బొక్క విరిగితే షోర్వా తాగాలని మా దిక్కు చంటిపిల్లలకు కూడా తెలుసు. రేపు తెస్తానన్నాను.

రేపు రాకముందే మా తమ్ముడు ఘనకార్యం చేసి వచ్చాడు. ఎవరికీ చెప్పకుండా తెల్లవారుజామున గుడికి పోయి, అయ్యప్ప మాల వేసుకుని, నల్లబట్టలతో గుమ్మంలో నిలబడ్డాడు. నాయన లేచి నడవాలని మొక్కాడట. నలభై ఒక్క రోజులు ఇంట్లో నీచు వాసన రాకూడదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మా ఇంట్లో ఆ పూజారి మా తమ్ముడే అయ్యాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అయినా మాల వేసుకున్నవాణ్ని తిట్టకూడదు కదా. వాడికి మడిగా భిక్ష వండేది కూడా నేనే. ఇంటిల్లిపాదీ వాణ్ని స్వామి అనే పిలవాలి. నాయన కూడా కన్నకొడుకుకు చేతులు జోడించి, "స్వామీ, జర లేపు" అనేవాడు. వాడు రెండు చేతుల మీద ఎత్తుకుని బాత్రూంకు తీసుకుపోయేవాడు. దేవుడే మోసుకపోతాండు, నీ అంత అదృష్టవంతుడు ఎవడున్నడు నాయినా అని నేను ఎకసెక్కమాడితే నవ్వేవాడు. నవ్వితే నొప్పి లేచేది.

మాల వేసుకున్నవాళ్లంతా ఉండే పీఠంలో పోయి ఉండమని తమ్ముడికి చెప్పి చూశాను. నాయనను ఎవరు లేపుతారన్నాడు. అదీ నిజమే, అమ్మవల్లా నావల్లా కాదు. రోజులు గడిచేకొద్దీ నాయన తిండి తగ్గింది. పాలు, జావ, ఆఖరికి నీళ్లే మిగిలాయి. ఇరవై అయిదో రోజున ఇక ఆగలేక తమ్ముణ్ని పెరట్లోకి పిలిచాను.

"మాల తీసెయ్యి. ఆయన నలభై ఒక్క దినాలు ఉండడు. డాక్టర్ చెప్పింది నువ్వు గూడ విన్నవ్."

"తీసినంక ఏమన్నయితే? నేనే సంపినట్టయితది గదనే అక్కా."

నాకు జాలి కలగలేదని చెప్పను. కానీ కోపమే ఎక్కువ కలిగింది.

మర్నాడు పక్కింటి మొగిలమ్మక్క పెరట్లో పొయ్యి వెలిగించాను. కాళ్లు తెచ్చి, కాల్చి, గీకి, నాయన చేసినట్టే చేశాను. సాయంత్రం తమ్ముడు ఎవరింటికో పూజకు పోయినప్పుడు స్టీలు గ్లాసు కొంగు కింద దాచుకుని తెచ్చాను. సొంత నాయనకు గ్లాసుడు షోర్వా ఇవ్వడానికి దొంగతనం చేయాల్సి వచ్చింది.

అమ్మ పట్టుకుంటే నాయన దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. గ్లాసును రెండు అరచేతుల మధ్య పెట్టుకున్నాడు. ముక్కు దగ్గరికి తీసుకుని కళ్లు మూసుకున్నాడు. ఉల్లిగడ్డలు కాల్చావా అని అడిగాడు. కాల్చానన్నాను.

"మిరియాలు ముందుగాల్నే ఏసినవ్ బిడ్డా" అన్నాడు.

నిజమే. తొందరలో ముందే వేశాను. వాసన చూసే పట్టేశాడు. తాగు నాయినా అని బతిమాలాను. ఆయన గ్లాసు వేడి తగ్గేదాకా పట్టుకుని, తిరిగి నా చేతిలో పెట్టాడు.

"స్వామి అచ్చి నన్ను ముట్టుకుంటడు. నా పానం కోసం ఏసుకున్న మాల, నేనే చెడగొడతనా? ఇంక పదిహేను దినాలే గద. తాగుత తీయి."

ఆయన పదిహేను రోజులు లెక్కపెట్టుకోగలిగినందుకు నాకు ఏడుపొచ్చింది. నిజం చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. అమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది.

ముప్పై ఒకటో రోజు తెల్లవారుజామున పోయాడు. చావు మైల కాబట్టి పెద్దమనిషి గురుస్వామి ఒకాయన వచ్చి తమ్ముడి మెడలో మాల తీశాడు. నాయన చెడగొట్టనన్న మాల నాయనతోనే తెగిపోయింది.

మూడో రోజు పిట్టకు, అంటే కాకికి, పెట్టాలి; పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ పెట్టాలి. మా పెరట్లోనే, మూడు రాళ్ల పొయ్యి మీదే షోర్వా కాచాను. ఇప్పుడు అడ్డు చెప్పేవారెవరూ లేరు. మిరియాలు దించే ముందే వేశాను. శ్మశానంలో విస్తరి పరిచి, అన్నం, కల్లు, గిన్నెలో షోర్వా పెట్టి దూరం జరిగామో లేదో, కాకి దిగి బొక్క పట్టుకుని ఎగిరిపోయింది. ఇంత తొందరగా ముట్టిందంటే కట్టయ్యకు ఏ కోరికా మిగలలేదని మా పెద్దనాయన పోశయ్య అన్నాడు. అందరూ తలలూపారు. మిగిలిన కోరిక ఆ గిన్నెలోనే ఉందని అరవాలనిపించింది. అరవలేదు.

ఇంటికి వచ్చాక అందరికీ షోర్వా పోశాను. తమ్ముడు గుండుతో, బోసి మెడతో నాయన మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. నెల రోజులుగా వాడికి చెప్పాలని దాచుకున్న మాటలు నా దగ్గర బోలెడున్నాయి. గ్లాసు అందించి మొదలుపెట్టబోయాను. వాడే ముందు మాట్లాడాడు.

"ముప్పై దినాలు స్వామీ అన్నడక్కా. పోయేటప్పుడు గూడ, స్వామీ నీళ్లు, అన్నడు. ఒక్కసారన్న భాస్కరా అనకపాయె."

"భాస్కరా, తాగురా" అన్నాను. నేను పిలిస్తే ఏం లాభం? వాడు గ్లాసును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. చలికి పైన కొవ్వు తెల్లగా పేరుకునేదాకా అలాగే పట్టుకున్నాడు. ఆ తర్వాత నేనే తీసుకెళ్లి పెరట్లో పారబోశాను.