రెండు ప్లగ్గులు

పురిటి అర్రలో కుంపటి పెట్టొద్దని దవాఖాన నర్సమ్మ ఖచ్చితంగా చెప్పింది. పోయిన చలికాలం వెనక లైనులో ఒక బాలింత తలుపులు బిగించుకుని, బొగ్గు కుంపటి పక్కన పెట్టుకుని పడుకుంది. పొద్దున తల్లీ లేవలేదు, పిల్లా లేవలేదు. కాలనీలో ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా, కుంపటి లేకుండా ఎనిమిదో నెలలో పుట్టిన పిల్లను ఎట్లా కాచుకోవాలో నాగవ్వకు అర్థం కాలేదు.

"గంప మీద కరెంటు బుగ్గ ఏలాడగట్టుండ్రి. చుట్టూ దుప్పటి కప్పుండ్రి," అంది నర్సమ్మ. "అరికాళ్లు సల్లబడకుండ సూసుకోవాలె. పిల్ల జర బరువెక్కేదాక గంతే."

నర్సమ్మ చెప్పినంత సులువు కాదది. కంపెనీ ఇచ్చిన ఇంట్లో ముందర అర్ర ఒకటి, వంట అర్ర ఒకటి. ఒక్కోదాంట్లో కప్పుకు ఒక్కో బల్బు. ప్లగ్గనేది ఆ లైనులో ఏ ఇంటి గోడకూ లేదు.

పిల్ల నాగవ్వ కూతురు సారక్కది. తొలుసూరు కాన్పని తల్లిగారింటికి వచ్చింది. అత్తగారిది బోథ్ దిక్కు ఒక పల్లె. ఆ ఊరికి ఇంకా కరెంటు స్తంభమే రాలేదు. వానలు తగ్గినంక వచ్చి మనుమరాలిని చూసుకుంటానని అత్త దుర్గవ్వ కబురు పంపింది. అంతవరకు ఆ పిల్ల వాళ్ల ఇంటి సొమ్ము, వీళ్ల చేతుల్లో ఉంది. ఆ మాట నాగవ్వ పైకి అనలేదు కానీ, గంప దగ్గరి నుంచి లేవడం మానేసింది.

నాగవ్వ పెనిమిటి పోశం బొగ్గు గనిలో నీళ్లు తోడే పంపు నడిపే ఖలాసీ. మాట పొదుపు మనిషి. నర్సమ్మ చెప్పింది విని, కండువా భుజాన వేసుకుని పోయి, కరెంటు పని చేసే లచ్చయ్యను వెంటబెట్టుకుని వచ్చాడు.

లచ్చయ్య గోడ వంక చూసి, "ఒక్కటి పెడత," అన్నాడు.

"రెండు," అన్నాడు పోశం.

"రెండెందుకే అన్నా? ఇస్త్రీ దుకాణం పెడుతున్నవా?"

"ఒక బుగ్గ మాడిపోతే?"

"మాడితే కొత్తది పెడతవు."

"పెట్టేదాక?"

లచ్చయ్య నాగవ్వ దిక్కు చూశాడు. "ఏంది వదినె, గీయన లెక్క?"

"బొగ్గుబాయిల ఒక పంపుకు ఇంకో పంపు తోడుంటదట. ఇంట్ల గూడ గట్లనే ఉండాలె ఆయనకు," అంది నాగవ్వ. "నన్నొక్కదాన్నే ఎట్ల జేసుకున్నడో."

లచ్చయ్య నవ్వి, సంచిలోంచి ఉలి, సుత్తె తీశాడు. సారక్క పిల్లను తీసుకుని వంట అర్రలోకి పోయింది. లచ్చయ్య సున్నపు గోడకు తూట్లు పొడిచి, వాటిలో కట్టె ముక్కలు బిగగొట్టి, వాటి మీద సన్నటి చెక్కపట్టీ పరిచి మేకులు కొట్టాడు. కప్పు బల్బు దగ్గరి నుంచి తీగను చెక్కపట్టీ వెంట కిందికి దించాడు. తలుపు గాలి తగలని మూలకు, గంపకు అటొకటి ఇటొకటి వచ్చేటట్టు రెండు చెక్క పలకలు బిగించాడు. ఒక్కోదాని మీద నల్లటి గుండ్రటి బటన్, దాని పక్కన రెండు కన్నాల ప్లగ్గు. పోశం అతను ఎక్కిన ముక్కాలిపీటను పట్టుకుని, మేకు మేకునూ చూస్తూ నిలబడ్డాడు. బిగించినంక ఒక్కో పలకను చేత్తో ఊపి చూశాడు.

"ఇంజినీరు సాబు వచ్చి అడిగితే?" అంది నాగవ్వ.

"నేను పెట్టలే, మీరు పెట్టలే."

"మరెవలు పెట్టిండ్రు?"

"వానలు బాగ పడ్డయి గద వదినె, గోడకు మొలిసినయని చెప్పు."

బటన్లు నొక్కితే బల్బులు రెండూ వెలిగాయి. పాత చీరలు పరిచిన గంపలో పిల్లను పడుకోబెట్టి, మీద దుప్పటి గుడారంలా కట్టారు. దుప్పటి కింది నుంచి పసుపు వెలుగు నేల మీద పడింది. కాసేపటికి నాగవ్వ లోపల చెయ్యి పెట్టి పిల్ల అరికాలు తాకింది. వెచ్చగా ఉంది. గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంది. కాన్పయిన నాటి నుంచి ఆమె కాళ్లు చాపుకోవడం అదే మొదలు.

లైనులో ఆడవాళ్లందరూ వచ్చి చూసిపోయారు. పక్కింటి బుచ్చవ్వ బటన్ నొక్కబోతే నాగవ్వ చెయ్యి పట్టుకుంది. "పిల్లను సూడ వచ్చినవా, ప్లగ్గును సూడ వచ్చినవా?"

"పిల్ల మా ఇంట్ల గూడ పుట్టిందక్కా. ప్లగ్గే పుట్టలే," అంది బుచ్చవ్వ.

పిల్ల పెదవుల్లోని నలుపు తగ్గింది. పాల కోసం మూతి తిప్పడం మొదలుపెట్టింది. పోశం డ్యూటీకి పోయే ముందు ఒకసారి, వచ్చినంక ఒకసారి దుప్పటి ఎత్తి చూసేవాడు. బల్బు మాడిపోతే రెండోది ఉంది. బటన్ చెడిపోతే రెండోది ఉంది. తను చూడవలసిందంతా చూశానని అతని ధైర్యం.

శ్రావణం నడుమ ముసురు పట్టింది. పోశంది పొద్దటి డ్యూటీ. గని లోపల, పంపు గుంట దగ్గర అతనూ, సాయంగా సిద్దిరాములూ ఉన్నారు. నేల మీద పడ్డ వాన పగుళ్ల వెంట దిగి గుంటలో చేరుతోంది. ఒక పంపు నడుస్తూనే ఉంది. నీళ్లు మాత్రం గోడకు హద్దుగా కొట్టిన సున్నపు గీతను దాటాయి.

గుంటకు దిగువన, ఏటవాలులో, బొగ్గు నింపేవాళ్లున్నారు. వాళ్లు పైకి రావాలంటే గుంట పక్కనున్న బాటే. గుంట పొర్లితే నీళ్లు ఆ బాట వెంటే దిగుతాయి.

"పోశన్నా, రెండోది ఎక్కియ్యవా?" అన్నాడు సిద్దిరాములు.

రెండో పంపు నడపాలంటే ముందు పైన పవర్‌హౌస్‌కు ఫోన్ చెయ్యాలి. ఏటేటా వానాకాలం చేసే పనే. పోశం ఫోన్ తిప్పే పిడి మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది.

ఫోన్ చేస్తే పైవాళ్లు ఏం చేస్తారో అతనికి తెలుసు. రెండు పంపులకూ కరెంటు సరిపోవాలంటే కాలనీది తీసేస్తారు. గోడకు ప్లగ్గులు ఒకటికి రెండు పెట్టించాడు. ఆ రెంటికీ కరెంటు వచ్చేది కాలనీ తీగలోంచే. ఇన్నేళ్లుగా ఈ పిడి తిప్పి కాలనీ కరెంటు తీయించింది తనే. ఆ మాట ఇంట్లో ముక్కాలిపీట పట్టుకుని నిలబడ్డ నాడు తోచలేదు.

"ఏందన్నా?"

"జర ఆగు."

నీళ్లు ఆగలేదు. గుంట అంచు రాయి మునిగింది. పోశం పిడి తిప్పాడు.

"కాలనీ తియ్యకుండ రెండోది ఎక్కదా?" అని అడిగాడు.

"కొత్తగ అడుగుతున్నవేంది పోశం, నీకు తెల్వదా?" అన్నాడు అవతలి మనిషి. "ఎక్కియ్యాల్నా, వద్దా? జెల్ది చెప్పు."

కింద చీకట్లో దీపాలు కదులుతున్నాయి. ఎవడో ఏదో అన్నట్టున్నాడు, పక్కవాళ్లు పెద్దగా నవ్వారు. పోశం ఆ దిక్కే చూస్తూ, "ఎక్కిస్తున్న," అన్నాడు. "మా ఇంటికి జర కబురు..." అనేలోపే అవతల ఫోన్ పెట్టేశారు.

రెండో పంపు మోత అందుకుంది. నడుస్తున్న పంపును విడిచిపోవడానికి ఖలాసీకి హక్కు లేదు. సిద్దిరాములు పంపు నడిపే మనిషి కాదు. పోశం గీత వంక చూస్తూ కూర్చున్నాడు. తెచ్చుకున్న సద్ది విప్పలేదు.

"మొకం గట్ల పెట్టినవేందే?"

"ఇంట్ల కరెంటు పోయింది."

సిద్దిరాములు నవ్వాడు. "మా ఇంట్ల గూడ పోయిందిగదనే."

తర్వాతి డ్యూటీ ఖలాసీ వచ్చేసరికి నీళ్లు అంగుళమన్నా దిగలేదు. రెండూ ఆపకుండా నడపాలని అతనికి చెప్పవలసింది కూడా పోశమే. చెప్పి, పైకి నడిచాడు. బయట వాన ఇంకా పడుతోంది. పగలే అయినా ఇళ్లన్నీ మసకగా ఉన్నాయి.

ముందర అర్రలో గంప ఖాళీగా ఉంది. నాగవ్వ రవికె విప్పి, పిల్లను రొమ్ముకు హత్తుకుని, మీద గొంగడి కప్పుకుని కూర్చుంది. పక్కన బుచ్చవ్వ ఉంది. సారక్కకు పొద్దటి నుంచి చలిజ్వరం. గోడ వారన పడుకుని వణుకుతోంది. బయట అరుగు పొయ్యిపై వెచ్చబెట్టిన గుడ్డలు లోపలికి తెచ్చేలోపే చల్లారుతున్నాయి.

"అరికాళ్లు సల్లబడ్డయి," అంది నాగవ్వ. "పాలు తాగుతలేదు. నేను, బుచ్చవ్వ మార్చుకుంట ఒంటికి పెట్టుకుంటున్నం."

"బాపూ," అంది సారక్క, "పవర్‌హౌస్‌ల నీకు తెలిసినోళ్లున్నరు గద. పోయి ఒక్క మాట చెప్పరాదా?"

పోశం తలుపు దగ్గరే నిలబడ్డాడు. చెప్పులు విడిచి, మళ్లీ తొడుక్కుని, మళ్లీ విడిచాడు.

"బాయిల నీళ్లెక్కినయి బిడ్డా."

"ఎప్పుడొస్తది మరి?"

"నీళ్లు దిగినంక."

సారక్క తలుపులోంచి వాన వంక చూసి కళ్లు మూసుకుంది. బుచ్చవ్వ తన ఇంట్లో పిల్ల ఏడుస్తోందని లేచి పోయింది. పోశం చేతులు చాపాడు.

"నాకియ్యి. జరసేపు నేను పట్టుకుంట."

నాగవ్వ అతని రొమ్ము మీద చెయ్యి పెట్టి వెంటనే తీసింది. "వద్దు. నీళ్లల్లకెళ్లి వచ్చినవు. ఉన్న ఏడి గూడ నువ్వే గుంజుకుంటవు."

పోశం తడి అంగీ విడిచి, ఒళ్లంతా తుడుచుకుని, అరుగు మీది బొగ్గు పొయ్యి ముందర గొంతుక్కూర్చున్నాడు. అరచేతులూ రొమ్మూ మంటకు పెట్టాడు. జల్లు వెనక నుంచి వీపు మీద పడుతోంది. ముందర చర్మం చురచురమన్నాక లేచి లోపలికి పోయాడు. నాగవ్వ వెనుచేత్తో అతని రొమ్ము తాకి చూసింది.

"ఇంక ఏడెక్కలే," అంది.

అతను మళ్లీ పొయ్యి దగ్గరికి పోయాడు.