రాడ్డుకు కట్టిన తీగ

మా మరిదికీ నాకూ పడదు. మా ఆయన పోయాక ఆయన చోట నేను రబ్బరు మిల్లు దగ్గర నిలబడ్డ రోజు నుంచీ పడదు. ఆ చోటు తన బావమరిదికి ఇప్పించుకోవాలని అతని ఆశ. ఫోర్‌మన్ కాబట్టి నాకు పని నేర్పక తప్పలేదు. నేర్పాడు. ప్రతి మాటకూ ఒక ముల్లు గుచ్చి మరీ నేర్పాడు.

మిల్లు అంటే పక్కపక్కన పడుకోబెట్టిన రెండు ఇనప రోలర్లు. ఒకదానివైపు ఒకటి తిరుగుతాయి. మధ్య సందులో రబ్బరు ముద్ద వేస్తే నలిగి నలిగి ముందు రోలరుకు దుప్పటిలా చుట్టుకుంటుంది. మసిపొడి, గంధకం చల్లుతూ దాన్ని కత్తితో కోసి, మడిచి, మళ్లీ సందులోకి తోయాలి. తోసేటప్పుడు పిడికిలి బిగించాలి. వేళ్లు చాపామా, రోలరు వేళ్లతో సరిపెట్టుకోదు. అందుకే రొమ్ము ఎత్తున అడ్డంగా ఒక ఇనప రాడ్డు ఉంటుంది. చెయ్యి ఇరుక్కుంటే ఒంటితో దాన్ని నెట్టాలి. మిల్లు ఆగిపోతుంది.

చిక్కేమిటంటే పనిలో కాస్త ముందుకు వంగినా ఆగిపోతుంది. సగం కలిసిన రబ్బరు రోలరును కరుచుకుని కూర్చుంటుంది. అందుకని పొద్దున రాగానే రాడ్డును తీగతో ఫ్రేముకు కట్టేస్తాం. మొదటి రోజు మా మరిది నాకు నేర్పిన మొదటి పని అదే. పదకొండేళ్లుగా కడుతున్నాను. చెప్పులు విడిచినంత మామూలుగా.

అలాంటిది ఈ ఏడు నోటీసు పెట్టారు. ఆరు వారాలు శిక్షణ, ఆ తర్వాత పరీక్ష. సర్టిఫికెట్ లేనివాళ్లు మిషన్ల మీద ఉండకూడదు, అంచులు కత్తిరించే గదికి పోవాలి. ఆ గదిలో స్టూలు మీద కూర్చుని అచ్చులోంచి తీసిన వాషర్ల చుట్టూ మిగిలిన రబ్బరు కత్తెరతో తీస్తుంటారు. అక్కడికి వెళ్లి మళ్లీ మిల్లు దగ్గరికి తిరిగొచ్చినవాళ్లను నేను చూడలేదు.

శిక్షణలో ఒక పుస్తకం ఇచ్చారు. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. వేలు పెట్టి, పైకి పలుకుతూ చదువుతాను.

"వదినా, పుస్తకం తిరగేసి పట్టుకున్నట్టున్నావే!" అన్నాడు మరిది, అందరూ వినేలా.

"నీకు ఎటు పట్టుకున్నా ఒకటేలే మరిదీ. తెరవవుగా."

"నేను తెరిచేదేంటి? నాకు పరీక్ష పెట్టడమంటే తాతకు దగ్గులు నేర్పడమే."

పుస్తకంలో మిల్లు పాఠం మొదటి వాక్యం ఇది: "రబ్బరు వేసే ముందు రాడ్డు నెట్టి, మిల్లు ఆగుతున్నదో లేదో చూడాలి." దాన్ని యాభైసార్లు చదివాను. నోటికి వచ్చేసింది.

పరీక్ష రోజు అందరికంటే ముందే వెళ్లాను. రోలర్లు తుడిచాను, కత్తి నూరాను, జుట్టు బిగించి గుడ్డ కట్టుకున్నాను. పది గంటలకు పరీక్ష పెట్టే మేడమ్ అట్ట పట్టుకుని వచ్చింది. మొదటి పేరు నాదే.

"ముందు రాడ్డు చూస్తానండీ," అన్నాను, నాకు తెలుసులే అన్నట్టు. మిల్లు ఆన్ చేసి రాడ్డును నెట్టాను. రోలర్లు తిరుగుతూనే ఉన్నాయి. ఇంకాస్త గట్టిగా నెట్టాను. తిరుగుతూనే ఉన్నాయి.

మేడమ్ వంగి చూసింది. స్విచ్ ఆపేసింది.

"ఈ తీగ ఎవరు కట్టారు?"

నాకు నిజంగానే గుర్తులేదు. మా మరిదికి మాత్రం పండగయింది.

"ఇంకెవరు మేడమ్, మా వదినే! ఆ మెలిక చూడండి, ఎడమవైపు తిరిగింది. ఈ షెడ్డు మొత్తంలో ఎడమచేతి వాటం ఆవిడొక్కదానికే."

చూశాను. నా మెలికే. ఆ పొద్దున రోలరు తుడవడానికి, కత్తి నూరడానికి మధ్యలో నా చెయ్యి నన్నడక్కుండా కట్టేసింది.

"నేనే కట్టాను," అన్నాను. "కట్టడం నేర్పింది ఈయనే."

"అబద్ధం మేడమ్! ఫెయిలవుతున్నానని నన్ను లాగుతోంది."

"ఎవరు నేర్పారో తర్వాత చూద్దాం. కట్టింది మీరు, మీరు ఫెయిల్. మూడు నెలలయ్యాక మళ్లీ రండి." మేడమ్ తనే తీగ విప్పి పొడి డబ్బాల పక్కన పెట్టింది.

నా పక్కనుంచి వెళ్తూ మరిది గొణిగాడు. "కత్తెర సాన పెట్టించుకో వదినా."

తర్వాత పేరు అతనిదే. చొక్కా చేతులు మడిచి వచ్చాడు. ఇరవై ఆరేళ్ల అనుభవమని, ఈ షెడ్డులో సగంమంది తన చేతికింద పెరిగినవాళ్లేనని చెప్పుకుపోతున్నాడు. నోరు మేడమ్‌తో మాట్లాడుతోంది. కుడిచెయ్యి పొడి డబ్బాల వైపు వెళ్లింది. తీగ తీసింది. రాడ్డు చుట్టూ తిప్పింది. కుడివైపుకు రెండు మెలికలు వేసింది.

షెడ్డంతా చూస్తోంది. నేను చెప్పి ఉండొచ్చు. "మరిదీ, చెయ్యి!" అంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. మింగేశాను.

"మీ చేతిలో ఏముంది?" అని మేడమ్ అడిగింది.

మా మరిది తన చేతిని ఎవరిదో పరాయి చేతిలా చూసుకున్నాడు.

ఇప్పుడు అంచుల గదిలో ఇద్దరివీ ఎదురెదురు స్టూళ్లు, మధ్యలో ఒకటే బల్ల. పొద్దున రాగానే నా ఎడమచెయ్యి తీగ కోసం ఇంకా వెతుక్కుంటుంది. మూడు నెలల్లో దానికి ఆ అలవాటు మాన్పించాలి. మాన్పించకపోతే నా బతుకు ఈ కత్తెరతోనే తెల్లారుతుంది. అందుకే భోజనం కాగానే పుస్తకం తీస్తాను.

"రబ్బరు వేసే ముందు, రాడ్డు నెట్టి..."

"ఇంక ఆపు వదినా. చెవులు చిల్లులు పడుతున్నాయి."

"పరీక్ష ఉంది మరిదీ. చదువుకోవద్దూ?"

"మనసులో చదువుకో!"

"నాకు మనసులో చదవడం ఇంకా రాలేదు."

అది సగం అబద్ధం. వేలు మళ్లీ మొదటి అక్షరం మీద పెట్టి, ఈసారి కాస్త గట్టిగా మొదలుపెట్టాను.