బ్వేనా అంటే మంచిదేనా?

హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పనిలో చేరిన కొత్తలో, ఆమెకు వచ్చిన స్పానిష్ మాటలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. వాటిలో బాగా నచ్చింది ‘బ్వేనా’. మంచిది అని అర్థం. సూపర్వైజరు రోజూ పొద్దున్నే ఆమె బల్ల దగ్గర ఆగి, ఎగాదిగా చూసి, "ఎస్తాస్ బ్వేనా" అనేవాడు. తన పనితనం మెచ్చుకుంటున్నాడని మురిసిపోయి, ఆమె "గ్రాసియాస్" అని థాంక్స్ చెప్పేది. చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వేవారు. తన యాసకి కాబోలనుకుని ఆమె కూడా నవ్వేది.

ఆ ఉద్యోగం ఇప్పించింది పిన్ని. అదే హోటల్ వంటింట్లో చాలా ఏళ్ళుగా పనిచేస్తోంది. ఇద్దరూ ఒకే గదిలో ఉంటున్నారు. ఓ సెలవురోజు పిన్ని సూప్ కాస్తే, ఆమె గరిటెతో రుచి చూసి గొప్పగా, "లా సోపా ఎస్ బ్వేనా!" అంది.

"ఎస్ కాదే, ఎస్తా అనాలి," అంది పిన్ని ఉల్లిపాయలు తరుగుతూ. "ఎస్ అంటే గుణం. మనిషి మంచిది అనడానికి అది. నోట్లో పెట్టుకుంటే బాగుందనడానికి ఎస్తా."

"మరి మనిషిని పట్టుకుని ‘ఎస్తాస్ బ్వేనా’ అంటే?"

కత్తి చప్పుడు ఆగింది. పిన్ని తలెత్తలేదు.

"ఒళ్ళు చూసి అనే మాటలే అవి. వాడి నోరే అంత, పట్టించుకోకు."

"ఎవడన్నాడో నేను చెప్పలేదే! అంటే నీకు ముందే తెలుసన్నమాట."

"భోజనాల దగ్గర లాండ్రీవాళ్ళు చెప్పుకుని నవ్వుతుంటారు. నీకు చెబితే గొడవకి దిగుతావని..."

"వాడికి నేను పళ్ళికిలించి థాంక్స్ చెబుతుంటే ఊరుకున్నావా? బయటివాళ్ళు నవ్వితే నవ్వారు, నువ్వు నా పిన్నివి!"

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. గరిటె విసిరికొట్టింది.

మర్నాడు సూపర్వైజరు అలవాటుగా ఆగాడు, ఆ మాటే అన్నాడు. అందరూ చెవులు రిక్కించారు.

"నో సోయ్ సోపా!" నేను సూపుని కాదు, అని లాండ్రీ అదిరేలా అరిచిందామె. మిగతాదంతా తెలుగులోనే కడిగిపారేసింది.

అతను నవ్వబోయాడు. తోడు నవ్వేవాళ్ళు లేకపోయారు. ఆమె తిన్నగా మేనేజరమ్మ గదికి వెళ్ళింది. రెండు మాటలకే స్పానిష్ అయిపోయింది. అంతలో గొడవ సంగతి వంటింటిదాకా పాకి, పిన్ని పైన కట్టుకున్న ఏప్రన్ కూడా విప్పకుండా లోపలికి వచ్చింది. ఆమె చెప్పలేనిదంతా చెప్పింది, తను నోరు మూసుకున్న సంగతితో సహా.

సూపర్వైజర్ని గోదాముకి మార్చారు. క్షమాపణ మాత్రం చెప్పించలేదు.

"ఇంకా కోపమేనా?" అంది పిన్ని సాయంత్రం.

"వాడిమీద సగమే. మిగతా సగం నీమీదే."

ఇద్దరూ బస్సుకోసం నిలబడ్డారు, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఎడంగా.