కుచ్చిళ్ల కింద

"రెండు రోజులు నీకు వంట తప్పింది, ఇంకేం కావాలి?" అన్నాడు మా ఆయన ఎఫ్రైన్, నేను అతని తెల్ల చొక్కాలు ఇస్త్రీ చేస్తూంటే పక్కన నిలబడి. మొరేలియాలో అతని చెల్లెలి కూతురు యారెలి పదిహేనేళ్ల పండుగ. టొలూకా నుంచి బస్సులో వెళ్లి, శనివారం వేడుక చూసి, ఆదివారం తిరిగి రావాలి. సెలవడిగితే మా సూపర్‌వైజరు మొహం మాడ్చుకుని, "మీ ఆడవాళ్లకి ఎప్పుడూ ఏదో ఒక పండగే" అన్నాడు. ఆ మాట చెబితే ఎఫ్రైన్ నవ్వి, "నిజమే కదా" అన్నాడు. పద్నాలుగేళ్ల మా అమ్మాయి ఇట్జెల్ మాత్రం అద్దం ముందు నా చెవిపోగులు పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. దాని సరదా చూసి నోరు మూసుకుని సంచి సర్దాను.

నాకు తప్పిందనుకున్న వంట మొరేలియాలో అత్తగారింట్లో నా కోసమే ఎదురు చూస్తోంది. గుమ్మంలో కాలు పెట్టానో లేదో అత్తగారు డోన్యా ఎల్విరా నా చేతికి ఏప్రన్ ఇచ్చింది. "వచ్చావా తల్లీ! మోలే కూరలోకి మిరపకాయలు ఒలవాలి. నా నడుము సంగతి నీకు తెలుసుగా." మగవాళ్లు పెరట్లో బీరు తాగుతూ, వంట వాసన ఇక్కడిదాకా వస్తోందని మెచ్చుకుంటున్నారు. నేను ఎండుమిరపకాయల గింజలు తీస్తూ కూర్చున్నాను. చేతులు మండిపోతున్నాయి, కళ్లు తుడుచుకోవడానికి కూడా లేదు. ఎవరూ చెప్పకుండానే ఇట్జెల్ వచ్చి నా పక్కన కూర్చుని సగం ఒలిచింది. అత్తగారు దాన్ని సంతలో మేకను చూసినట్టు తేరిపార చూసి, "పిల్ల పనిమంతురాలే" అంది. పిచ్చిదాన్ని, నాకు గర్వంగా అనిపించింది.

పండుగ పిల్ల యారెలి ఆ సాయంత్రం కూడా అమ్మమ్మ కాళ్లకి మందు రాస్తూనే ఉంది. తండ్రి పోయినప్పటి నుంచి తల్లీ కూతుళ్లు ఈ ఇంట్లోనే ఉంటున్నారు. తల్లి పనికి పోతే ముసలావిడ స్నానం, మాత్రలు, అలకలు అన్నీ ఈ పిల్ల మీదే. ఇప్పుడు తల్లికి లెయోన్ ఊళ్లో ఉద్యోగం దొరికింది, వచ్చే వారం కూతుర్ని తీసుకుని వెళ్లిపోతోంది. అయితే ఇక ఈవిణ్ణి ఎవరు చూస్తారు అని అనుకున్నాను కానీ, మోలే అడుగంటుతుందేమోనని ఆ ఆలోచన అక్కడే వదిలేశాను.

శనివారం చర్చిలో ప్రార్థన అయ్యాక హాల్లో వేడుక మొదలైంది. అందరూ ఎదురు చూసేది జోళ్లు మార్చే ఘట్టం. పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, తండ్రి మోకాళ్ల మీద కూర్చుని చదును జోళ్లు విప్పి మొదటిసారి ఎత్తు మడమల జోళ్లు తొడుగుతాడు, ఇక పెద్దదైందని గుర్తుగా. తండ్రి లేడు కనుక మేనమామ ఎఫ్రైన్ కూర్చున్నాడు. సంగీతం మెల్లగా మొదలైంది. ఇంట్లో తన బూట్లు తను విప్పుకోని మనిషి మోకాళ్ల మీద కూర్చుంటే ఆడవాళ్లంతా కళ్లొత్తుకున్నారు. అంతలో అతను పళ్ల మధ్య నుంచి, "ఓఫెలియా, ఈ బకిల్ రావడం లేదు, ఇలా రా" అన్నాడు. వెళ్లి అతని వెనక నుంచి వంగాను. "మేడమ్, మీరు ఫోటోలో పడుతున్నారు, ఇంకాస్త లోపలికి" అన్నాడు ఫోటోగ్రాఫరు. ఆ గులాబీ గౌను కుచ్చిళ్ల కిందికి తల దూర్చి చీకట్లో తడుముకుంటూ బకిల్ పెట్టాను. పైన ఎఫ్రైన్ కెమెరా వైపు చూస్తున్నాడు.

యారెలి నా మీదికి వంగింది, గౌను సర్దుకుంటున్నట్టు. "అత్తా, ఇట్జెల్‌ని ఇక్కడ వదలొద్దు. మామయ్య అమ్మమ్మకి మాటిచ్చేశాడు. నా మంచం దానికేనట."

చప్పట్లు మోగాయి. యారెలి లేచి రెండడుగులు వేసి తూలింది. నొప్పిగా ఉందేమో, పెదవి కొరుక్కుంటూ నవ్వింది.

కేక్ దగ్గర ఎఫ్రైన్‌ని పట్టుకున్నాను. "ఇట్జెల్‌ని ఇక్కడుంచుతానని మాటిచ్చావా?"

"ఇప్పుడా ఆ గొడవ? అమ్మ ఒంటరిదై పోతోంది. ఇక్కడ బడి లేదా ఏంటి?"

"దానికి చెప్పావా? నాకు చెప్పావా?"

"ఇందులో చెప్పేదేముంది? నువ్వు మీ నానమ్మని చూసుకోలేదూ? ఏమైంది, బాగానే ఉన్నావుగా!"

బాగానే ఉన్నాను. నా పండుగకి మా నాన్న తొడిగిన జోళ్లు తెల్లవి. ఆ సోమవారం నానమ్మ జారిపడింది, నేను బడికి వెళ్లలేదు. తర్వాత కూడా వెళ్లలేదు. లెక్కల టీచరు ఒకసారి ఇంటికి వచ్చి, ఈ పిల్లని ఆపకండి అని బతిమాలింది. మా అమ్మ ఆవిడకి కాఫీ ఇచ్చి పంపేసింది. ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. "నువ్వైతే చేయగలవు" అన్నారు, అంతే. ఆ మెచ్చుకోలు మీదే ఇన్నేళ్లూ బతికాను. నిన్న మిరపకాయల దగ్గర నా కూతురి గురించి అదే మెచ్చుకోలు విని పొంగిపోయాను కూడా. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆదివారం పొద్దున ఇట్జెల్ బట్టలు నా సంచిలో లేవు. యారెలి అల్మారాలో ఒక అర ఖాళీ చేసి, అత్తగారు వాటిని చక్కగా మడతపెట్టి ఉంచింది. మంచం అంచున ఇట్జెల్ బిక్కమొహంతో కూర్చుని ఉంది. "నానమ్మ నన్ను ఉండమంటోంది. నేనేం అనాలమ్మా?"

"ఏం అనక్కర్లేదు. బూట్లు వేసుకో" అన్నాను. అల్మారాలోంచి దాని బట్టలు తీసి నా సంచిలో పెట్టాను. టొలూకాలో దీనికి ఎంత గొడవ పడాల్సి వస్తుందో, ఎంతమంది నన్ను రాతి గుండెదంటారో నాకు తెలుసు.

ముందు గదిలో ఎఫ్రైన్ కుర్చీలో కూర్చుని, అలవాటుగా కాలు ముందుకు చాపాడు. "బూట్లు తొడుగు, బస్సు టైమవుతోంది."

"బస్సు మాకు. నీకు కాదు."

అత్తగారు కాఫీ కప్పు దించింది. అతను నవ్వబోయాడు. "ఏం మాటలవి?"

"అమ్మ ఒంటరిదై పోతోందన్నావుగా" అన్నాను, ఇట్జెల్ చెయ్యి పట్టుకుని. "యారెలి అల్మారాలో నీ చొక్కాలు పెట్టాను. ఇస్త్రీ చేసే ఉన్నాయి."