తనంతట తానే లేచిన సుత్తి

పాత ఆయుధాల కొట్లో అల్లుళ్ళిద్దరివీ పక్కపక్క బల్లలు. తుపాకీ చేతికొస్తే అది ఏ కాలందో, ఏ రకందో తేల్చడం వాళ్ళ పని. మావగారికి చూపు తగ్గింది. కిటికీ పక్కనున్న తన కుర్చీ ఎవరికప్పగించాలా అని చూస్తున్నాడు. అది తనదేనన్న ఆశతోనే పెద్దల్లుడికి జుట్టు నెరిసింది. నిన్నగాక మొన్నొచ్చిన చిన్నల్లుడేమో ఏది చేతికిచ్చినా ఇట్టే పసిగట్టేస్తాడు. పైగా మంచివాడు. పెద్దల్లుడికి అదే మరీ ఒళ్ళుమంట. ఒక్క వంకైనా దొరికితే ఇంట్లో పెళ్ళాం దగ్గర తిట్టుకుని చల్లబడేవాడు.

ఆ పొద్దున ఒక పొట్టి పిస్తోలు వచ్చింది. తూటాని కొట్టి పేల్చే సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగడానికి ఉండాల్సిన కొమ్ము దానికి లేదు. కొట్లో ఒక కట్టుబాటుంది. మొదట పుచ్చుకున్నవాడు గొట్టం తెరిచి, తూటా లేదని చూసి, ఎర్రదారం కడతాడు. పాత స్ప్రింగులు విరుగుతాయని ఆ తర్వాత ఇంకెవరూ తెరవరు. పెద్దల్లుడు తెరిచాడు. టిక్కుమంది. సుత్తి తనంతట తానే లేచి నిలబడింది! ఇలాంటివి ఉంటాయని వినడమే గానీ చూడటం అతనికిదే మొదలు. చుట్టూ చూసి, సుత్తిని మెల్లగా దించి, దారం కట్టేసి నోరు మూసుకున్నాడు. తోడల్లుడుగారు కొమ్ము విరిగిందని చెప్పి బోల్తా పడాలి, అప్పుడు తను తెరిచి చూపించాలి.

మావగారు ముందు చిన్నల్లుణ్ణే అడిగాడు. అదొక మంట.

చిన్నల్లుడు దీపం దగ్గరకి లాక్కుని భూతద్దంలో చూశాడు. "గొట్టం తెరిస్తే సుత్తి దానంతటదే లేచే రకమేమో అనిపిస్తోంది మావయ్యా. కానీ అన్నయ్య పొద్దునే తెరిచాడుగా. లేచి ఉంటే చెప్పేవాడే. చెప్పలేదంటే కాదన్నమాట. కొమ్ము విరిగాక ఎవరో నున్నగా అరగదీసుంటారు."

కోరుకున్నదే జరిగింది. అయినా దారం మీద పెద్దల్లుడి చెయ్యి ఆగిపోయింది. విప్పితే తన గుట్టు బయటపడుతుంది, విప్పకపోతే కుర్చీ దక్కదు. విప్పేసి గొట్టం తెరిచాడు. టిక్కుమంది.

"పొద్దున లేవలేదా?" అన్నాడు మావగారు.

పెద్దల్లుడు విప్పిన దారాన్ని వేలికి చుట్టుకోసాగాడు. చిన్నల్లుడు అతని మొహం చూశాడు. అంతా అర్థమైపోయింది.

"చమురు గడ్డకట్టి పట్టేసుంటుంది మావయ్యా. ఇప్పుడు దీపం వేడికి వదులైంది. అన్నయ్యకి అనుమానమొచ్చి మళ్ళీ తెరవబట్టి సరిపోయింది, లేకపోతే నా మాటతో కొట్టు పరువు పోయేది."

మావగారు లేచి తన కుర్చీ పెద్దల్లుడి వైపు జరిపాడు.

పెద్దల్లుడు కూర్చున్నాడు. కిటికీలోంచి వెలుతురు బాగానే పడుతోంది. పక్క బల్ల దగ్గర చిన్నల్లుడు తల వంచుకుని మళ్ళీ ఎర్రదారం కడుతున్నాడు. ఇన్నాళ్ళూ వాడి పనితనం చూసి ఏడ్చాడు. ఇకనుంచి వాడి మంచితనం చూసి ఏడవాలి, అదీ వాడిచ్చిన కుర్చీలో కూర్చుని.