నార్మన్ లోగీ ఎటు తిరిగాడు

నా నోట్లో మాట నిలవదని మా ఆయన మధుసూదనరావు ముప్పై ఏళ్ళుగా దెప్పుతూనే ఉన్నారు. దెప్పనివ్వండి. ఆ ఆదివారం నేను మైకు పట్టుకుని నోరు జారకపోయి ఉంటే, వందేళ్ళుగా పిరికివాడన్న పేరు మోస్తున్న ఒక కుర్రాడి గురించి నిజం ఎవరికీ తెలిసేది కాదు. ఈ సంగతి నేను గొప్పకే చెబుతున్నాను. గొప్పగా చెప్పుకోవలసిందే.

మేముండేది భూమికి దక్షిణపు అంచున, డునెడిన్ అనే ఊళ్ళో. ఆయన యూనివర్సిటీలో కంప్యూటర్ల పని చూస్తారు. ఆయన వయసు మగవాళ్ళు సెలవు రోజున క్రికెట్ చూస్తారు, లేదా టమాటా మొక్కలు పెంచుతారు. ఈయన గ్యారేజీలో దూరి తలుపేసుకుంటారు. నాలుగేళ్ళు అందులో కూర్చుని ఒక విమానం కట్టారు. చేతిలో రిమోటు పెట్టుకుని ఎగరేసేదే గానీ ఆషామాషీ బొమ్మ కాదు. రెక్కలు మా డైనింగ్ టేబుల్ అంత పొడవు, నిజమైన పెట్రోలు ఇంజను. చలికి జిగురు ఆరదని దానికో హీటరు. కారు మాత్రం బయట. ఇక్కడ చలికాలమైన జూన్ నెలలో తెల్లారి లేచి కారు అద్దం మీద మంచు గీకేది ఎవరనుకున్నారు? ఇంకెవరు, నేనే!

ఆ విమానం మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఎమిల్ క్రౌజర్ అనే జర్మన్ పైలట్ విమానానికి నకలు. మా ఇంట్లో మా మామగారి పేరు కన్నా అతని పేరే ఎక్కువ వినిపిస్తుంది. అతను మొదట గుర్రపు రౌతు. కందకాల యుద్ధంలో గుర్రాలకు పని లేకపోయేసరికి విమానం ఎక్కాడు. మొదటి దళంలో చేరిన కొత్తలో దిగడం చేతకాక రెండు విమానాలు విరగ్గొట్టాడు. ఆ దళం విమానాల ముక్కులకు ఆకుపచ్చ రంగు, మా ఆయన తన విమానానికీ అదే వేశారు. ఏడాది తిరిగేసరికి ఆ ఆకుపచ్చ ముక్కుల్లో అతనిదే అందరికన్నా భయపెట్టే ముక్కు అయింది. తర్వాత రెండో దళానికి మార్చారు. చివరికి మూడో దళానికి నాయకుణ్ణి చేశారు. కూడా వచ్చిన కుర్రాళ్ళందరూ నేలమీద దిగాకే తను దిగేవాడట. యుద్ధం ముగిసేలోగా ఇరవై ఆరు విమానాలు కూల్చాడు. ముసలితనంలో సైకిళ్ళ షాపు నడుపుకుంటూ తన మూడు దళాల కథ పుస్తకంగా రాసుకున్నాడు. అది చదవడానికి మా ఆయన జర్మన్ నేర్చుకున్నారు. చదివిందంతా అన్నం తింటూ నాకు చెప్పేవారు. పప్పూ చారూ ఎన్నిసార్లు చల్లారిపోయాయో!

మోస్గీల్ అనే ఊరు దాటాక టైరీ మైదానంలో గొర్రెలు మేసే చోట మా ఆయన క్లబ్బు వాళ్ళు ఏటా ప్రదర్శన పెడతారు. ప్రతి విమానం ఎగిరే ముందు దాని అసలు పైలట్ గురించి మైకులో నాలుగు మాటలు చెప్పడం అక్కడి పద్ధతి. మా ఆయనకు మైకు చూస్తే గొంతు పూడుకుపోతుంది. “నువ్వు చెప్పేయ్ సరోజా, నీకేం భయం” అన్నారు. నిజమే, నాకేం భయం? తెనాలిలో ఇరవై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని.

మైకు అందుకున్నాను. కథ చెప్పడమంటే హీరోని నిలబెట్టి చెప్పడమే కదా మనకు అలవాటు! క్రౌజర్‌ని గుర్రం మీద నుంచి విమానం మీదకు ఎక్కించాను, దళం నుంచి దళానికి నడిపించాను. నాకే ఒళ్ళు పులకరించింది. “మన హీరో ఎమిల్ క్రౌజర్ ఒక్కణ్ణీ వదల్లేదు! ఇరవై ఆరుగురు శత్రువులను నేలకూల్చాడు! చప్పట్లు!” అని ముగించాను.

ఒక్క చప్పట కూడా లేదు. ఎదురుగా రెండు వందల మంది కుర్చీల్లో బిగుసుకుపోయారు. క్లబ్బు ప్రెసిడెంటు గ్లెన్ తన బూట్ల వంక చూసుకుంటున్నాడు.

మా ఆయన నా చెవి దగ్గరకొచ్చి, “సరోజా, ఆ శత్రువులు వీళ్ళవాళ్ళే” అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఇక్కడ ఏ చిన్న ఊరికి వెళ్ళినా నడిబొడ్డున ఆ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళ తరఫున వెళ్ళి పోయినవాళ్ళ పేర్లు చెక్కిన రాయి ఉంటుంది. రోజూ దాని పక్కనుంచే కూరగాయలకు వెళ్ళొస్తాను. మనకు ఆ యుద్ధం కథ. వాళ్ళకు ఇంట్లో చావు. నా బుర్రకు ఆ మాత్రం తట్టలేదు. పైగా చప్పట్లు కూడా అడిగాను!

అప్పుడు వెనక వరుసలోంచి ఒక ముసలాయన లేచి కర్ర పొడుచుకుంటూ గడ్డి మీద మా వైపు నడిచొచ్చాడు. తిట్టడానికే వస్తున్నాడనుకున్నాను. తిట్టనీ, పడతాను అని నిలబడ్డాను. మా ఆయన ముఖం మాత్రం చూడలేకపోయాను. నాలుగేళ్ళ కష్టం, నా నోటి వల్ల ఎగరకుండానే ఇంటికి పోయేట్టుంది.

ఆయన తిట్టలేదు. టోపీ తీసి, “నా పేరు డంకన్ లోగీ. మీ పోస్టర్ మీద క్రౌజర్ పేరు చూసి వచ్చాను. మా నాన్న అన్నయ్య నార్మన్‌ని కూల్చింది ఆ ఆకుపచ్చ ముక్కుల దళమేనని తర్వాత మా ఇంటికి ఉత్తరం వచ్చింది” అన్నారు.

“అంటే మీకు పెదనాన్న” అన్నాను. ఆ ఒక్క ముక్క తెలుగులోనే వచ్చేసింది. తక్కినదంతా ఇంగ్లీషులో మాట్లాడుకున్నాం. కుర్చీ వేసి కూర్చోబెట్టి, “మా వల్ల పొరపాటైంది, క్షమించండి” అన్నాను.

“క్షమాపణ కోసం రాలేదమ్మా. ఒక మాట అడగడానికి వచ్చాను” అన్నారు. కర్ర మీద రెండు చేతులూ పెట్టి మా ఆయన కళ్ళలోకి చూశారు. “నార్మన్‌కి ఇరవై ఒక్కేళ్ళు. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళు ఒకటే చెప్పారు, తమ విమానాల వరుస విడిచి వెళ్ళిపోయాడని. ఆ తర్వాత ఎవరూ చూడలేదు. వరుస విడిచాడంటే పారిపోయాడని ఊరంతా అనుకుంది. మా నాన్న బడిలో దాని కోసం కొట్లాడేవాడు. మా అక్కకిప్పుడు తొంభై రెండు. చిన్నప్పుడు ఆమెను పిరికివాడి మనవరాలా అని పిలిచారు. మనవరాలు కూడా కాదు, తమ్ముడి కూతురు. అయినా అన్నారు. మావాళ్ళు చూసింది అంతవరకే. మిగతాది చూసింది అవతలివాళ్ళు. అవతలివాళ్ళ కథ చదివినవాణ్ణి నా జన్మలో ఇవాళే చూస్తున్నాను. చెప్పండి, నార్మన్ పారిపోయాడా?”

“ఏ రోజు?” అని అడిగారు మా ఆయన.

“పందొమ్మిది వందల పదిహేడు, సెప్టెంబరు పద్దెనిమిది.”

 ఆ సెప్టెంబరు కథలు నేనూ విన్నాను. అందులో ఒకడున్నాడు, తోటివాళ్ళను వదిలేసి సముద్రం వైపు పారిపోతుంటే క్రౌజర్ వెంటాడి కూల్చినవాడు. సిగ్గులేనివాణ్ణి వేటాడానని క్రౌజరే రాసుకున్నాడు. అది ఏ తేదీనో నాకు గుర్తులేదు. మా ఆయన కళ్ళు మూసుకున్నారు. లోపల పేజీలు తిరగేస్తున్నారని నాకు తెలుసు.

నేను తెలుగులో గబగబా అన్నాను: “ఏవండీ, ఒకవేళ ఆ పారిపోయినవాడే అయితే చెప్పకండి. లేదని చెప్పండి. పెద్దాయన, పుణ్యం ఉంటుంది.”

“అబద్ధం చెప్పను” అన్నారాయన కళ్ళు తెరవకుండానే.

“మీ నిజం తగలెయ్య! ఆయన ముఖం చూడండి ఒకసారి!”

“చూశాను కాబట్టే చెప్పను. ఆయన అబద్ధం కోసం రాలేదు.”

ఈ మనిషితో ముప్పై ఏళ్ళు ఎలా వేగానురా భగవంతుడా అనుకున్నాను. డంకన్ గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నారు. మాట అర్థం కాకపోయినా సంగతి అర్థమైనట్టే ఉంది. 

మా ఆయన కళ్ళు తెరిచారు. “సముద్రం వైపు వెళ్ళినవాడిది నాలుగో తేదీ” అన్నారు నాతో. తర్వాత డంకన్ గారి ముందు గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని, పద్దెనిమిదో తేదీ గురించి క్రౌజర్ రాసిన మాటలను ఒక్కొక్కటిగా ఇంగ్లీషులో చెప్పారు.

“ఆ రోజు మేం ఐదుగురం. ఫొటోలు తీసే ఇంగ్లీషు విమానం ఒకటి, బరువైనది, తనవాళ్ళకు వెనకబడి పోతోంది. ఇక మాకు దొరికినట్టే అనుకున్నాను. అంతలో ముందు పోతున్న వాళ్ళ వరుసలోంచి ఒకడు విడిపోయాడు. ఇంటికి పారిపోతున్నాడనుకుని నవ్వుకున్నాను. వాడు వెనక్కి తిరిగి మా మీదకే వచ్చాడు. ఒక్కడు, ఐదుగురి మీదకు. మమ్మల్ని అటూ ఇటూ కదలనివ్వలేదు. నా పెట్రోలు ట్యాంకుకు చిల్లు పెట్టాడు. చివరికి వాణ్ణి కూల్చాను గానీ, తలెత్తి చూసేసరికి ఫొటోల విమానం మబ్బుల్లో మాయమైంది. ఆ మొండివాడి వల్ల ఆ రోజు మా దళానికి దక్కింది వాడొక్కడే. పై అధికారి నన్ను నానా మాటలూ అని, వారం తిరక్కుండా వేరే దళానికి మార్చాడు.”

మా ఆయన ఆగారు. “ఆ రోజు వాళ్ళు కూల్చింది ఒక్క విమానమే, డంకన్. మీ నార్మన్‌నే” అన్నారు.

 డంకన్ గారు కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. నేను మాత్రం బాహాటంగానే ఏడ్చాను. మా ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. ఎంత గర్వం పుట్టుకొచ్చిందో కూడా చెప్పలేను. నేను చెప్పమన్న అబద్ధం ఆయన చెప్పి ఉంటే, ఈ నిజానికి విలువే ఉండేది కాదు.

“ఇది అందరికీ చెప్పండి” అన్నారు డంకన్ గారు మైకు చూపించి.

నేను లేవబోయాను. మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు. మైకు చూస్తే గొంతు పూడుకుపోయే మనిషి, తనే వెళ్ళి పట్టుకున్నారు. మొదట రెండు మాటలు తడబడ్డారు. తర్వాత నార్మన్ లోగీ అన్న పేరు మైదానమంతా మోగేటట్టు చెప్పారు. ఈసారి నేను అడగనక్కర్లేకపోయింది. గ్లెన్ ముందుగా లేచాడు, తర్వాత అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక డంకన్ గారు కర్రతో విమానం వైపు చూపించి, “ఇక ఎగరేయండి. నార్మన్ ఎవరికి ఎదురెళ్ళాడో నా కళ్ళతో చూడాలి” అన్నారు.

ఆకుపచ్చ ముక్కు కదిలింది. గడ్డి మీద గంతులేస్తూ పరుగెత్తి, గాలి అందుకుని, మా తలల మీదుగా మోత పెట్టుకుంటూ వెళ్ళింది. మైదానం చివర తిరిగి సూటిగా మా మీదకు వచ్చినప్పుడు, బొమ్మే అని తెలిసీ నేను తల వంచాను. డంకన్ గారు వంచలేదు. లేచి నిలబడి, అది దాటిపోయేదాకా దానికేసే చూశారు.

విమానం దిగి ఇంజను ఆగాక ఫోన్ తీసి వాళ్ళ అక్క ఐలీన్‌కి చేశారు. ఆవిడ డునెడిన్‌లో ఒక వృద్ధాశ్రమంలో ఉంటుందట. చెవులు సరిగా వినపడవని స్పీకరు పెట్టారు.

“ఐలీన్, నార్మన్ పారిపోలేదు. వెనక్కి తిరిగి వాళ్ళ మీదకే వెళ్ళాడు.”

“ఎవరు చెప్పారు?” ఆవిడ గొంతు కటువుగా ఉంది. “మనవాళ్ళు చెప్పి ఉంటే వద్దు. మనవాళ్ళు జాలికి చెప్తారు.”

“మనవాళ్ళు కాదు. కూల్చినవాడే చెప్పాడు. నార్మన్ వల్ల తన వేట పాడైందని తిట్టుకుంటూ చెప్పాడు.”

అవతల కుర్చీ జరిపిన చప్పుడు, మెల్లగా నడిచే అడుగుల చప్పుడు వినిపించాయి. తర్వాత కప్పుల గలగల.

“అయితే నిజమే” అంది ఆవిడ. “ఇప్పుడు ఫోన్ పట్టుకుని హాల్లోకి వచ్చాను డంకన్, ఇక్కడ అందరూ టీ తాగుతున్నారు. ఇంకోసారి చెప్పు. గట్టిగా చెప్పు.”