తేనెటీగల పని

గుమ్మడి పువ్వు తెల్లవారుతుండగా విచ్చుకుని, ఎండెక్కేసరికి ముడుచుకుపోతుంది. అందుకని ఆమె ఐదింటికే లేచి పెరట్లోకి వెళ్ళేది. మగపువ్వు కోసి, రేకులు తుంచి, మధ్యనున్న పుప్పొడిని ఆడపువ్వు లోపల అద్దేది. తర్వాత పాలు కాచడం, టిఫిన్లు, డబ్బాలు, ఎనిమిదింటికి బస్సు. రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులన్నీ ఆమె రాసేది, కింద సంతకం మాత్రం అక్కడి పెద్ద డాక్టరుది. ఇందులో ఏదీ ఆమెకు బాధగా ఉండేది కాదు. అసలేమైనా అనిపించి చాలా కాలమైంది.

"ఇంటెడు పని పెట్టుకుని పొద్దున్నే పూలతో ఆటలేంటో!" అనేది అత్తగారు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం దేనికని ఆమె బదులు చెప్పేది కాదు.

నిరుడు ఈ పనే లేదు. పెరడంతా తేనెటీగలు, సాలీళ్ళు, పురుగుల కోసం వచ్చే పిట్టలు, ఎవరి పని వాళ్ళదే. కాసిన దాంట్లో సగం పక్కింటి టైలరమ్మకీ ఎదురింటి బాలింతకీ వెళ్ళేది. అలాంటిది ఓ రోజు భర్త స్నేహితుడి భుజం మీద గొంగళిపురుగు పాకింది. "నా పరువు తీశావు" అన్నాడు భర్త, ఆ పురుగుని ఆమే కన్నట్టు. మర్నాడే పురుగుమందూ స్ప్రేయరూ వచ్చాయి. అప్పట్నుంచి రెండు వారాలకోసారి మందు కొట్టడమే. పురుగులు చచ్చాయి, తేనెటీగలు చచ్చాయి, పిట్టలు రావడం మానేశాయి. పిందెలు పసుపెక్కి రాలుతుంటే, ఎవరికీ చెప్పకుండా ఈగల పని కూడా ఆమే నెత్తినేసుకుంది. మానేస్తే ఏమవుతుందన్న ఆలోచనే రాలేదు.

ఆదివారం అదే స్నేహితుడు మళ్ళీ వచ్చాడు. "చూశావా, ఒక్కో కాయ ఎంతుందో! అంతా మందు మహిమ. ఈవిడ నీళ్ళు పోస్తుందంతే" అంటూ భర్త స్ప్రేయరు భుజానికెత్తుకున్నాడు.

తిమ్మిరెక్కిన కాలిలోకి రక్తం పారినట్టు ఆమెకు లోపలెక్కడో నొప్పెట్టింది.

"కొట్టండి. మీ మందుకి ఈగలన్నీ చచ్చిపోయాయి. ఆ కాయలు నిలబడింది నేను రోజూ ఐదింటికి లేచి పుప్పొడి అద్దబట్టి. రేపట్నుంచి అద్దను."

భర్త నవ్వాడు. "ఇంతోటి దానికి అలకా? పది నిమిషాల పనేగా!"

"మరి కాయలో?" అంది అత్తగారు కంగారుగా.

"మీ అబ్బాయి లేచి అద్దుకుంటారు. లేదంటే మందు మానేసి ఈగల్ని రానిస్తారు. ఆయనిష్టం."

స్ప్రేయరు ఆయన భుజం మీదే ఉంది.

సోమవారం ఐదింటికి అలవాటుగా మెలకువొచ్చింది. పువ్వులు విచ్చుకునే ఉంటాయి. రాలితే రాలనీ అనుకోగానే ఏడుపొచ్చింది, ఎన్నాళ్ళకో. పక్కన ఆయన గురక పెడుతున్నాడు. కళ్ళు తుడుచుకుంది. ఈగల పని ఈగలకే వదిలేసింది. తను చేస్తున్న మిగతా పనుల్లో ఏవి ఎవరివో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ, లేవకుండా అలాగే పడుకుంది.